పద్నాలుగు క్యారెట్ల చెడుగుడు

ఆ రోజు ఆదినారాయణాచారి పెట్టుకున్న పని చాలా చిన్నది. ప్రొద్దుటూరులో మొదటి బస్సెక్కి జమ్మలమడుగులో దిగాలి. పెన్న ఒడ్డు హైస్కూలు మైదానం పక్కన, రేకుల కొట్టంలో నిలబెట్టిన చెడుగుడు బొమ్మకు కుడిచేతి వేళ్ళు బిగించాలి. వీపు మూతకు రివెట్లు కొట్టాలి. నల్లరంగు పూయాలి. సాయంత్రం నాలుగింటికి జిల్లా విద్యాధికారి వచ్చి గుడ్డ లాగుతాడు, జనం చప్పట్లు కొడతారు, క్రాఫ్టు మాస్టరు ఉద్యోగం కాగితం చేతికొస్తుంది. ఆరింటి బస్సుకు ఇల్లు చేరాలి. ఇందులో బంగారం మాట ఎక్కడా లేదు.

"ఈపొద్దు గూడా ఉత్త చేతుల్తో వస్తే తలుపు తియ్యను," అంది పెంచలమ్మ, మొగుడికి సద్దిమూట అందిస్తూ. "కుంపటి ఆరిపోయి ఎనిమిది నెల్లాయ. పిల్లి పండుకుంటాంది దాంట్లో."

"పండుకోనీలే. మన ఇంట్లో నిమ్మళంగా ఉండేది అదొక్కటే," అని ఆచారి బస్సుకు పరిగెత్తాడు.

1963 అది. ఆ సంవత్సరం జనవరిలో ఢిల్లీలో ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళు పద్నాలుగు క్యారెట్లకు మించిన బంగారంతో కొత్త నగ చేయరాదని చట్టం రాశారు. చైనా యుద్ధం అన్నారు, దేశం అన్నారు. చైనావాడు మంచుకొండల మీద ఉన్నాడు, దెబ్బ మాత్రం ప్రొద్దుటూరు ఆచార్ల వీధిలో తగిలింది. పద్నాలుగు క్యారెట్లంటే సగానికి కొంచెం పైన బంగారం, మిగిలింది రాగి. దాంతో తాళిబొట్టు చేయించుకునే ఆడది రాయలసీమలో ఇంకా పుట్టలేదు. వీధికి వీధే కుంపట్లు ఆర్పుకుంది. కొందరు కూలికి పోయారు, కొందరు ఉరేసుకున్నారు. చట్టం రాసినవాడికి ఆకలి తెలిస్తే చట్టం రాయడు, అన్నం వండుతాడు. ఇంకొక ముక్క కూడా ఉంది ఆ చట్టంలో. నగలు కాకుండా కడ్డీలూ బిళ్ళలూ దాచుకున్నవాళ్ళు సర్కారుకు తెలపాలి, తెలపనివాడికి జైలు. తెలిపినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మిగతావాళ్ళంతా ఇంటి నేలలు తవ్వుకున్నారు.

అలాంటప్పుడు ఆచారిని పిలిచినవాడు హెడ్మాస్టరు అలీ అహ్మద్. ఆ ఏడు జిల్లా స్కూళ్ళ ఆటల పోటీలు జమ్మలమడుగులో. పనికిరాని సామానుతో ఆటలకు సంబంధించిన బొమ్మ ఒకటి చేసి నిలబెట్టాలని కడప నుంచి ఉత్తర్వు వచ్చింది.

"చేసి పెట్టు ఆచారీ. పిల్లోళ్ళు ఇంటింటికీ పోయి పాతసామాను తెస్తారు. పై అధికారి మెచ్చుకుంటే నీ ఉద్యోగం మాట నేను కదుపుతా. సంతకం మాత్రం బడి కమిటీ ప్రెసిడెంటు ఓబుళరెడ్డిది. ఆయప్ప మనసులో పులివెందుల చుట్టమొకడుండాడు. అందుకే బొమ్మ ఎట్లుండల్లంటే, రెడ్డి నోరు మూతపడల్ల," అన్నాడు.

ఆచారి రెండు నెలలు ఒళ్ళు దాచుకోకుండా చేశాడు. గురిగింజంత ముక్కుపుడకకు చిలక చెక్కిన చెయ్యి అది. ఆ చేతికి బకెట్లూ బండి కమ్ములూ సైకిలు చక్రాలూ అప్పగించారు. ముందుకు వంగి, కుడిచెయ్యి చాచి, ఎడమకాలు వెనక్కి తన్ని, గీత అందుకోబోతున్న ఆటగాడు లేచి నిలబడ్డాడు. కడుపు ఒక బకెట్టు. మోకాలు రోకలి పొన్ను. కాలివేళ్ళు పాత కొళాయిల ఇత్తడి. చూస్తే కూత వినపడుతుందేమో అన్నట్టున్నాడు.

ఆ పొద్దున ఆచారి కొట్టం తలుపు తీసి గోనెపట్టా ఎత్తాడు. ఆటగాడి ముందరి కాలికి బొటనవేలు లేదు. రంపంతో కోసినట్టు నున్నగా తెగి ఉంది.

"హుమాయునూ! ఎవురప్పా ఈ పని చేసింది?"

అటెండరు హుమాయున్ చీపురుతో వచ్చాడు. వేలు లేని చోటు చూశాడు. ఆచారి మొహం చూశాడు. కొట్టం బయట ఎవరైనా ఉన్నారేమో చూసి గొంతు తగ్గించాడు.

"పోతే పోయిందిలే మామా. ఒక్క ఏలే గదా. మీకు ఇంగా శానా ఉండాది."

"ఏముండాది?"

"నేనెవురికీ చెప్పలేదు మామా. ఇంట్లో చాంద్‌బీకి తప్ప."

"ఏం చెప్పలేదు?"

"అదే, మీరు రోజూ పొట్లం కట్టేది."

ఆచారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పీట మీద కూలబడ్డాడు.

బంగారు పనివాడు ఆకురాయి పట్టిన ప్రతిసారీ కింద గుడ్డ పరుస్తాడు. రాలిన రజనును కుంచెతో ఊడ్చి, పొట్లం కట్టి, పెట్టెలో పెట్టి తాళం వేస్తాడు. చిటికెడు రజను నేలపాలు చేస్తే ఆచారిని ఆయన తాత ఆ కుంచె కట్టెతోనే వాయించేవాడు. ముప్పై ఏళ్ళ అలవాటు. ఆ చేతికి బంగారం, ఇనుము అనే తేడా లేదు. రెండు నెలలుగా ఆచారి బకెట్లనూ చక్రాలనూ రాకుతున్నాడు, పొద్దు వాలగానే ఆ ఇనుపరజనును భద్రంగా పొట్లాలు కట్టి, పెట్టెకు తాళం వేసి, తాళం రెండుసార్లు లాగి చూసి మరీ బస్సుకు పోతున్నాడు. ఎందుకురా అని తనను తాను ఒక్కనాడూ అడుక్కోలేదు.

"అది ఇనుమప్పా!"

"అవును మామా, ఇనుమే. నేను గూడా అందరికీ అట్లనే చెప్తాండా."

"అందరికీనా? ఎవురికీ చెప్పలేదంటివే!"

"వాళ్ళే వచ్చి అడిగితే నేనేం చేతు? ప్రొద్దుటూరు షావుకార్లు బంగారమంతా కరగబోసి ఈ బొమ్మలో దాపెట్టినారంట గదా. పైన ఇనుము తొడుగు, లోపలంతా మేలిమి. సర్కారు బడిలో సర్కారు ఎతకదు గదా మామా. ఏం తలకాయ మీది!"

ఆచారి పెట్టె తెరిచి పొట్లం విప్పాడు. సైన్సు గదికి పరిగెత్తి అయస్కాంతం తెచ్చి పైన పెట్టాడు. రజనంతా ఎగిరి దానికి అతుక్కుంది.

"చూస్తివా? బంగారమైతే అంటుకుంటాదా?"

హుమాయున్ తాపీగా తల ఊపాడు. "మన సైన్సు రూములో సామాను ఎప్పుడు సరిగ్గా పనిచేసింది మామా?"

ఎనిమిదిన్నర అయింది. నాలుగింటికి అధికారి. వేళ్ళ పని, మూత పని, రంగు పని అన్నీ అలాగే ఉన్నాయి. ఇప్పుడు బొటనవేలు కూడా కలిసింది. ఆచారి పంటి బిగువున పట్టకారు అందుకున్నాడు. సగం వేలు కూడా తయారు కాలేదు, కొట్టం బయట గొడవ మొదలైంది.

ముందు వచ్చింది పాతసామాన్ల అంగడి కమాల్ బాషా. చక్రాలూ కొళాయిలూ స్కూలుకు ఊరికే ఇచ్చిన దాత. వచ్చీరాగానే జేబులోంచి ఇత్తడి బొటనవేలు తీసి ఆచారి ముక్కు ముందు ఆడించాడు.

"కోసింది నేనే ఆచారీ. దాపెట్టుకునేది నాకు చేతగాదు. నా కొళాయిలో ఏం పోసినావో చెప్పు."

"ఏం పోయలేదు. అది ఇత్తడి. పోయి ఎవురితోనన్నా చూపించుకో."

"చూపిచ్చినా. ఈ ఊరి ఆచారికి చూపిస్తే ఇత్తడే అన్న్యాడు."

"మల్లింకేంది?"

"ఆయప్పా ఆచారే, నువ్వూ ఆచారే. ఆయప్ప నిన్ను పట్టిస్తాడా?"

ఇలాంటి తెలివికి మందు లేదు. బంగారమంటే నమ్ముతారు, ఇత్తడంటే కుట్ర అంటారు. ఆచారి నోరు తెరిచేలోగా ఖాతూన్‌బీ దూసుకొచ్చింది. పిల్లలు పాతసామాను అడగడానికి వస్తే కన్నం పడిన బకెట్టు ఇచ్చిన మనిషి.

"ఆ కడుపు నాది! నా బకెట్టు నాకియ్యి. మంచిగుండేదాన్ని నా కొడుకు తెలీక ఇచ్చినాడు."

"అమ్మా, దాంట్లో చెయ్యి పట్టేంత కన్నముండె గదా!"

"ఉంటే ఉంటాది. కన్నం గూడా నాదే."

వెనక నుంచి అలివేలమ్మ ముసలి గొంతు లేచింది. "మోకాలు నాది నాయనా! మా అత్త రోకలి పొన్ను అది. నేను ఇచ్చినా గానీ మనసుతో ఇయ్యలేదు."

"ఎడమ చెయ్యి మాది!"

"మెడకాయ మాది! మా ఎద్దు మెడలో గంట అది!"

అరగంటలో గేటు దగ్గర ముప్పై నలభై మంది చేరారు. ఒక మనిషిని ఇంతమంది తలా ఒక అవయవం చొప్పున నాది నాదని లాక్కోవడం ఆ ఊళ్ళో పంచాయితీలు తీర్చినవాళ్ళు కూడా చూసి ఉండరు. ఆచారి బొమ్మకు అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు. చెయ్యి చాచిన ఆటగాడు వెనక, చేతులు చాచిన ఆచారి ముందు. ఏది బొమ్మో తేల్చడం కష్టంగా ఉంది.

హెడ్మాస్టరు అలీ అహ్మద్ చెమట తుడుచుకుంటూ వచ్చి చెవిలో అడిగాడు. "ఆచారీ, నాకు మాత్రం చెప్పు. నిజంగా ఏమీ లేదు గదా?"

"మీరు గూడానా సార్?"

"లేదని నాకు తెలుసు. ఉంటే ముందే చెప్తావని అడుగుతాండా."

పదకొండింటికి ఓబుళరెడ్డి వచ్చాడు. ఆయన తెల్లపంచ కనపడగానే జనం రెండుగా చీలారు. గేటు దగ్గర నిలబడి, "ఎవురి మోకాలు ఎవురిదో సాయంత్రం తేలుస్తాం. ఇప్పుడు దారి ఇడవండి!" అని గద్దించాడు. జనం ఇళ్ళకు పోలేదు, రోడ్డుకు అవతలి పక్కకు జరిగారు. రెడ్డి హెడ్మాస్టరును కూడా బయటే ఆపి, కొట్టంలోకి వచ్చి తలుపు వేశాడు. ఆయన చంకలో తువ్వాలలో చుట్టిన మూట ఉంది.

"ఆచారీ, నీ బొమ్మ బాగుండాది."

రెండు నెలల్లో రెడ్డి ఈ మాట అనడం ఇదే మొదలు. ఆచారికి సంతోషానికి బదులు భయమేసింది.

"కడుపు పెద్దదిగానే చేసినావు. లోపల ఇంగా చోటుండాదా?"

"దేనికి సామీ?"

రెడ్డి తువ్వాల కొస విప్పి చూపించాడు. పచ్చగా మెరిసే కడ్డీలు నాలుగు.

"మద్రాసు సేటు దగ్గర పోయినేడు తీసుకున్న్యా. ఇట్ల చట్టం వస్తాదని ముందే చెప్పి, బతిమాలి ఇచ్చినాడు మహానుభావుడు. ఇంట్లో పెడదామంటే పాలేర్లు. చేన్లో పాతుదామంటే ఎవురో ఒకరు చూస్తారు. షావుకార్ల దాంతోపాటు నాది గూడా ఈన్నే ఉండనీ."

"రెడ్డీ, నా బిడ్డల మీద ఒట్టు. ఈ బొమ్మలో గురిగింజంత బంగారం లేదు."

"లేదులే. ఇప్పుడుంటాది."

"నా చేత కాదు సామీ. దొరికితే జైలుకు పోయేది నేను."

"దొరక్కుంటే ఉద్యోగానికి పోయేదీ నువ్వే." రెడ్డి గొంతు మారింది. "ప్రొద్దుటూరు షావుకార్లకు చోటుంటాది, నాకు లేదా? పులివెందులోడు పొద్దన్నే బస్సు దిగి మా ఇంట్లో ఉగ్గాని తింటాండాడు. కాగితం మీద పేరు గూడా రాసి పెట్టినా. నేను సంతకం పెట్టేది ఒకటే మిగిలుండాది. చూసుకో మల్ల."

అంటూనే ఆయన బొమ్మ వెనక్కి పోయి, ఇంకా బిగించని మూత పక్కకు నెట్టి, మూటను బకెట్టు కడుపులోకి వదిలాడు. ఠంగుమంది. ఆ చప్పుడు ఆచారి కడుపులో వినపడింది.

"మూత బిగించు," అని రెడ్డి వెళ్ళిపోయాడు.

పొద్దున్నుంచీ అబద్ధమైన మాట ఇప్పుడు నిజమై కూర్చుంది. ఆచారి ఒక నిశ్చయానికి వచ్చాడు. ఉద్యోగం పోతే పోయింది, మూట తీసి రెడ్డి ముందే పెట్టి రావాలి. మోచేతి దాకా చెయ్యి బకెట్టులోకి దూర్చాడు. వేలి కొసలకు తువ్వాల అంచు తగిలింది. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర జీపు హారను మోగింది.

రేకుల సందులోంచి చూశాడు. ఎర్రగుంట్ల దుమ్ము కప్పుకున్న సర్కారు జీపు. దిగినవాడు విద్యాధికారి కాదు. ఖాకీ బట్టలు, చంకలో తోలుసంచి. బంగారం సోదాలు చేసే ఎక్సైజు ఇన్‌స్పెక్టరు. అలాంటి జీపు ఆచార్ల వీధికి ఈ ఎనిమిది నెలల్లో నాలుగుసార్లు వచ్చింది, వచ్చినప్పుడల్లా ఒక మనిషిని ఎక్కించుకుని పోయింది.

ఇప్పుడు మూట బయటికి తీస్తే చేతిలో బంగారంతో దొరుకుతాడు. తీయకపోతే బొమ్మలో బంగారంతో దొరుకుతాడు. ఆచారి చెయ్యి బయటికి లాగి, గబగబా మూత పెట్టి, రివెట్లు కొట్టడం మొదలుపెట్టాడు. బతుకులో ఇంత వంకర రివెట్లు ఎప్పుడూ కొట్టలేదు.

"ఆదినారాయణాచారి అంటే మీరేనాండీ?" ఇన్‌స్పెక్టరు కోస్తావాడు, కుర్రవాడు. కొత్తగా వచ్చాడని అతని బూట్లే చెబుతున్నాయి. "ఈ బొమ్మలో బంగారం ఉందని మాకు ఉత్తరం వచ్చిందండీ. సంతకం 'దేశభక్తుడు' అని ఉంది. తపాలా ముద్ర పులివెందులది."

జీపు వెనకాలే తిరిగొచ్చి తలుపు దగ్గర నిలబడ్డ ఓబుళరెడ్డి మొహం సున్నం కొట్టిన గోడ అయింది. తన ఇంట్లో ఉగ్గాని తింటున్న దేశభక్తుడు ఎవరో ఆయనకు అప్పుడే తెలిసింది.

"ఇది మీ బొమ్మేనా?"

"బడిది సామీ. ముక్కలు ఈ ఊరోళ్ళవి," అన్నాడు ఆచారి.

ఇన్‌స్పెక్టరు బొమ్మను బయటికి మోయించి షామియానా పక్కన నిలబెట్టించాడు. రోడ్డు అవతలి జనం మళ్ళీ ఇవతలికి వచ్చారు. అతను లాఠీతో బకెట్టు మీద తట్టాడు.

"ఈ కడుపు ఎవరిదండీ?"

జనం ఒకరి వెనక ఒకరు నక్కారు.

"నీదే అంటివి గదమ్మా," అని ఎవరో వెనక నుంచి ఖాతూన్‌బీని పొడిచారు.

"నాదా? తోబా తోబా! మా ఇంట్లో బకెట్టే లేదు సాబ్. చెంబుతోనే తోడుకుంటాం."

"బావిలోంచా?"

"లోతు తక్కువ సాబ్."

"మరి మోకాలు?"

"నేను దంచే పని ఇడిసి పదేండ్లాయ నాయనా," అంది అలివేలమ్మ. "రోకలి మొగమే మరిసిపోతి."

కమాల్ బాషాను అడిగితే, తాను ఇనుము అంగడి పెట్టిందే మొన్నటి బేస్తవారమన్నాడు. చేతిలోని ఇత్తడి వేలిని ఎప్పుడు జారవిడిచాడో ఎవరికీ తెలియదు. పొద్దున నలభైమంది కొట్లాడిన మనిషికి మధ్యాహ్నానికి నా అన్నవాడు లేడు. ఉన్నది ఆచారి ఒక్కడు.

ఒక్కొక్కరి మాటా కాగితం మీద ఎక్కించేసరికి మూడయింది, ఒక గంట ముందుగానే విద్యాధికారి కారు కూడా వచ్చేసింది. ఆయన పూలదండ మెడలో వేసుకుని, ఏం జరుగుతున్నదో తెలియక, షామియానా కింద కుర్చీలో కూర్చున్నాడు. అలీ అహ్మద్ ఆయనకు నిమ్మకాయ నీళ్ళు ఇస్తూ, "తనిఖీ సార్, మామూలుదే," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు బొమ్మను పట్టుకుని ఊపాడు. లోపల ఠంగుమంది. రెండోసారి ఊపాడు. రెండోసారీ ఠంగుమంది. వంకర రివెట్లు ఊడబెరికారు. తువ్వాల మూట బయటికొచ్చింది. నాలుగు కడ్డీలు ఎండలో ధగధగలాడాయి. జనం నోటి నుంచి ఒకే నిట్టూర్పు. చూస్తిరా, నేను చెప్పలేదా అన్నట్టు హుమాయున్ అందరి వైపూ గర్వంగా చూశాడు.

"ఇదేమిటండీ?"

ఆచారి ఓబుళరెడ్డి వైపు చూశాడు. రెడ్డి ఆకాశం వైపు చూశాడు. ఆయనదని చెబితే నమ్మేవాడెవడు? రెడ్డి మాటకు ఊరుంది, ఆచారి మాటకు పొద్దున్నుంచీ ఒక్క అటెండరు కూడా లేడు.

"నేను పెట్టింది కాదు సామీ," అన్నాడు.

"అందరూ అదే అంటారు. ముందు ఇది బంగారమా కాదా తేల్చాలి. గీటురాయీ ద్రావకమూ తెచ్చాను. గీటు పెట్టడం తెలిసిన మనిషి కావాలి. ఈ ఊరి కంసాలులు ఏరీ?"

జీపు చప్పుడు విన్న మరుక్షణమే ఊళ్ళోని బంగారు పనివాళ్ళంతా అంగళ్ళు మూసి కొండాపురం దాకా పోయారు.

"ఒక్కడే ఉండాడు సార్," అన్నాడు అలీ అహ్మద్. "మీరు పట్టుకున్నది ఆయన్నే."

ఇన్‌స్పెక్టరు మీసం కొరుక్కున్నాడు. చివరికి, "గీయడం మీ వంతు, ద్రావకం వేయడం నా వంతు. నా కళ్ళ ముందే గీయాలి. గీటు నిలిచిందా బంగారం, కరిగిందా ఇత్తడి. నిలిస్తే మిమ్మల్ని ఈ జీపులోనే తీసుకుపోతాను," అన్నాడు.

నల్లరాయి చేతికొచ్చింది. ఎనిమిది నెలలైంది ఆచారి దాన్ని తాకి. తన ఉరితాడు తనే పేనుకోమని ఇచ్చినట్టుంది. ముప్పై ఏళ్ళలో ఆ రాయి మీద ఆయన చేత అబద్ధం గీయించినవాడు పుట్టలేదు. ఈ రోజు నిజం గీస్తే జైలు. పెంచలమ్మ, ఇద్దరు బిడ్డలు, తియ్యనన్న తలుపు వరుసగా కళ్ళ ముందు నిలిచారు. కడ్డీ చేతిలోకి తీసుకున్నాడు.

తీసుకోగానే ఆచారి చెయ్యి ఆగింది.

కన్ను మోసపోతుంది, చెయ్యి మోసపోదు. బంగారం బరువు ఆ అరచేతికి తల్లి గొంతు తెలిసినట్టు తెలుసు. అంత లావు కడ్డీ చెయ్యిని కిందికి లాగాలి. ఇది లాగలేదు. సగం బరువు కూడా లేదు. మద్రాసు మహానుభావుడు ఇత్తడికి మెరుగు పెట్టి, రెడ్డిని బతిమాలి మరీ అంటగట్టాడు.

ఆచారికి గట్టిగా నవ్వాలనిపించింది. ఏడవాలనిపించింది. రెండూ మింగేసి కడ్డీ మూలను రాయి మీద లోతుగా గీశాడు. ఇన్‌స్పెక్టరు వంగి ద్రావకం చుక్క వేశాడు. గీటు ఆకుపచ్చగా పొంగి, బుసబుసలాడి, మాయమైంది.

"మళ్ళీ గీయండి."

మళ్ళీ గీశాడు. మళ్ళీ మాయమైంది. నాలుగు కడ్డీలు, ఎనిమిది గీట్లు. రాయి నల్లగా, ఉత్తగా మిగిలింది.

"ఇత్తడి సామీ," అన్నాడు ఆచారి.

జనం నుంచి వచ్చింది సంతోషమో నిరాశో చెప్పడం కష్టం. పక్కవాడి పెళ్ళి తప్పిపోతే వచ్చేలాంటి చప్పుడు అది. ఇన్‌స్పెక్టరు చెవులు ఎర్రబడ్డాయి. "ఇత్తడి కడ్డీలు నాలుగు, బొమ్మకు చెందిన పాతసామాను" అని కాగితం మీద రాసి ముద్ర వేశాడు. వేసి, "మరి కడుపులో దేనికండీ ఇవి?" అని అడిగాడు.

ఆచారి నోరు తెరిచాడు. ఏం బయటికొచ్చేదో తెలియదు, అలీ అహ్మద్ అడ్డం వచ్చాడు. "బరువుకు సార్! ముందుకు వంగిన మనిషి గదా, బోర్లా పడకుండా వెనక బరువు పెట్టినాడు."

"గరిమనాభి!" అని కుర్చీలోంచి లేచాడు విద్యాధికారి. వచ్చినప్పటి నుంచి ఆయనకు అర్థమైన ముక్క అదొక్కటే. "ఇదండీ చదువంటే! పాతసామాను, ఆట, భౌతికశాస్త్రం, మూడూ ఒకే బొమ్మలో. బాగుంది, చాలా బాగుంది!" కడ్డీలను తన చేతులతోనే కడుపులో వేసి, మూత బిగించమన్నాడు. బొటనవేలూ కుడిచేతి వేళ్ళూ నల్లరంగూ లేని ఆటగాడి మీద గుడ్డ కప్పి, వెంటనే గుడ్డ లాగారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఖాతూన్‌బీ పక్కనున్నామెతో, "ఆ కడుపు మాదే," అంది.

బాగుంది అన్నంత మాత్రాన ఉద్యోగాలు రావు. సంతకం కావాలి. జీపూ కారూ పోయాక ఓబుళరెడ్డి ఆచారిని భుజం పట్టుకుని కొట్టం వెనక్కి నడిపించాడు. దవడ పగులుతుందని ఆచారి సిద్ధపడ్డాడు. రెడ్డి కళ్ళలో నీళ్ళున్నాయి.

"ఏం చేతివాటమప్పా నీది! జీపేసుకొని వచ్చినోని ముందర, నా రెండు కండ్ల ముందర, బంగారాన్ని ఇత్తడి చేసి పెడితివే! ఆ గీసిన ఇత్తడి ముక్క యాడ దాపెట్టినావు? చెప్పొద్దులే, నాకు తెలియగూడదు."

"రెడ్డీ, అది నిజంగా ఇత్తడే. ఆ సేటు మిమ్మల్ని..."

"శభాష్! ఆ మాట మీదనే ఉండు. కొట్టినా తిట్టినా మార్చొద్దు. నా పెండ్లాం అడిగినా ఇత్తడే."

"కాదు సామీ, నేను చెప్పేది వినండి..."

"కడ్డీలు ఆన్నే ఉండనీ. సర్కారోడే ముద్రేసి ఇత్తడని రాసిచ్చినాంక ఇంతకంటే భద్రం యాడుంటాది? నువ్వు మాత్రం ఈ బడి ఇడిసి యాడికీ పోగూడదు. ఆ బొమ్మకు నువ్వే దిక్కు."

హెడ్మాస్టరు గదిలో రెడ్డి కాగితం తెప్పించుకున్నాడు. పులివెందుల పేరు మీద గీత కొట్టి, పక్కన ఆదినారాయణాచారి అని రాసి, సిరా చిమ్మేలా సంతకం పెట్టాడు. "దేశభక్తున్ని బస్సెక్కించి రాపో," అని హుమాయున్‌ను ఇంటికి పంపాడు.

ఆచారి కాగితం అందుకున్నాడు. నిజం చెప్పి సర్కారు ఉద్యోగం సంపాదించినవాడు ఆ తాలూకాలో ఆయన ఒక్కడే. అదీ, అబద్ధమనుకుని ఇచ్చారు.